ఆమ్లెట్ తిప్పుతూ చేసిన ప్రార్థన

వంటపని అంటే 17వ శతాబ్దపు సన్యాసి బ్రదర్ లారెన్స్‌కి గిట్టేది కాదు. ఆయనతో మాట్లాడి ఆ మాటలు రాసిపెట్టిన గురువు ఈ సంగతి దాచలేదు. ఆ పని మీద ఆయనకు స్వతహాగానే గట్టి విముఖత ఉండేదని తేటగా రాశాడు. అయినా పారిస్‌లో వోజిరార్ వీధిలోని కార్మెలైట్ మఠం ఆయన చేతిలో పెట్టింది గరిటే. సుమారు 15 ఏళ్లు ఆ పొయ్యి దగ్గర గడిపాడు. కాలు ఇక నిలబడనివ్వని స్థితికి వచ్చాక కూర్చుని చేసుకునే పని ఇచ్చారు: సన్యాసుల చెప్పులు కుట్టడం, తెగినవి బాగుచేయడం.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ ప్రసంగాల్లో ఆయన పేరు వచ్చినప్పుడల్లా చిరునవ్వుతో గిన్నెలు తోముకునే ముసలి సాధువొకడు కనిపిస్తాడు. దేవుణ్ణి తలుచుకుంటూ చేస్తే ఏ పనైనా హాయిగా ఉంటుందని ముగింపు. ఆయన చెప్పింది అది కాదు. ఇష్టంలేని పనిలో, ఎవరూ చూడని చోట, మనసు పూటకు వందసార్లు దేవుణ్ణి విడిచి ఎటో పోతుంటే మనిషి ఏం చేయాలి? ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఇది. జవాబు చాలా చిన్నది. అది ఒంటబట్టడానికి మాత్రం ఆయనకు పదేళ్లు పట్టింది.

అసలు పేరు నికొలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో లొరేన్ డచీలో, ల్యూనెవిల్ దగ్గరి ఎరిమెనిల్ అనే పల్లెలో పుట్టాడు. ఆయన పెరిగి పెద్దయ్యేసరికి ముప్పై ఏళ్ల యుద్ధం ఆ నేలను తొక్కి పిండి చేస్తోంది. నికొలా సైన్యంలో చేరాడు. ఒకసారి జర్మన్ సైనికులు గూఢచారి అనుకుని పట్టుకుని ఉరితీస్తామన్నారు. తాను అలాంటివాణ్ణి కాదని, చావుకు భయపడనని నిదానంగా చెబితే వదిలేశారు. 1635లో స్వీడన్ సేనల దాడిలో గాయపడి ఇల్లు చేరాడు.

అంతకుముందే, 18 ఏళ్ల వయసులో, ఒక చలికాలం ఆకులన్నీ రాలిన చెట్టును చూశాడు. కొన్నాళ్లకు దీనికి మళ్లీ చిగురు వస్తుంది, పూత వస్తుంది, కాయ పడుతుంది అనుకున్నాడు. అంతే. ఆ ఆలోచనలోంచి దేవుని శక్తి మీద, ఆయన కాపుదల మీద పుట్టిన నమ్మకం చివరిదాకా తగ్గలేదని చెప్పుకున్నాడు. దర్శనం లేదు, స్వరం లేదు. సాక్ష్యం చెప్పమంటే మనవాళ్లు కనీసం ఒక కలైనా చెబుతారు. ఈయన దగ్గర ఉన్నది ఒక మోడు చెట్టు.

పారిస్ వచ్చి ఖజానా అధికారి ఒకరి ఇంట్లో నౌకరుగా కుదిరాడు. చెయ్యి పెట్టిందల్లా పగలగొట్టే మొరటు మనిషినని తన గురించి తానే చెప్పుకునేవాడు. 1640లో, 26 ఏళ్ల వయసులో మఠంలో చేరాడు. తన మొరటుతనానికి అక్కడ చర్మం ఒలుస్తారని, అలా తన సుఖాన్ని దేవునికి అర్పించుకోవచ్చని ఆశపడి వచ్చాడట. తీరా చేరాక అంతా తృప్తే మిగలడంతో దేవుడు తనను మోసం చేశాడని నవ్వేవాడు. 1642లో మాటపట్టు ఇచ్చి లారెన్స్ అయ్యాడు.

మఠంలో ఆయన స్థానం ఏమిటో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. ఆనాటి మఠాల్లో రెండు తరగతులుండేవి. చదువుకుని గురువులయ్యేవాళ్లు గుడిలో నిలబడి లాటిన్‌లో కీర్తనలు పాడేవారు. చదువులేని సహోదరులు వంట, తోట, వాకిలి, గుర్రపుశాల చూసుకునేవారు. కీర్తనలు చదవలేని వాళ్లకు కార్మెలైట్ నియమావళి వేరే లెక్క పెట్టింది: రాత్రి ఆరాధనకు బదులు పరలోక ప్రార్థన 25 సార్లు, సాయంకాలం 15, మిగతా వేళల్లో ఏడేసి సార్లు. లారెన్స్ రెండో తరగతి మనిషి. గురువు కాలేడు, ప్రసంగం చేయలేడు. చనిపోయేదాకా బ్రదరే.

అలాగని ఆయన సాధన శూన్యంలోంచి ఊడిపడలేదు. కార్మెలైట్ సభ పుట్టింది పాలస్తీనాలోని కర్మెలు కొండ మీద, 13వ శతాబ్దం మొదట్లో. గుహల్లో ఉండే ఏకాంతవాసులకు యెరూషలేము పితరుడు ఆల్బర్ట్ రాసిచ్చిన చిన్న నియమావళే వాళ్లకు ఆధారం. ప్రతివాడూ తన గదిలో రాత్రింబవళ్లు దేవుని ధర్మశాస్త్రాన్ని ధ్యానించాలి. సాతాను వచ్చి చూస్తే చేతిలో ఏదో ఒక పని కనిపించాలి. రెండూ ఆ కొద్దిపాటి పత్రంలోనే ఉన్నాయి. వాళ్లు తమ మూలపురుషుడిగా తలచుకునేది ఏలీయాను. ఆహాబు రాజు ఎదుట నిలబడి, తాను ఎవరి సన్నిధిలో నిలిచినవాడో ఆ దేవుని జీవం మీద ఒట్టు పెట్టిన ప్రవక్త ఆయన. దేవుని ఎదుట నిలబడి ఉండడం అన్న ఈ ఒక్క ఆలోచన చుట్టూ ఆ సభ నడిచింది.

1562లో స్పెయిన్‌లోని అవిలాలో తెరేసమ్మ ఈ సభను సంస్కరించింది. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మౌన ప్రార్థన తప్పనిసరి చేసింది. అదే తెరేసమ్మ, విధేయత వల్ల వంటింట్లో పడ్డామని బాధపడే సోదరీమణులకు, కుండలూ పెనాల మధ్య కూడా ప్రభువు తిరుగుతుంటాడని ధైర్యం చెప్పింది. లారెన్స్ చేరింది ఈ సంస్కరణ శాఖ మఠంలోనే. తెరేసమ్మ ఒక్క మాటలో చెప్పి దాటినదాన్ని ఆయన ఒక జీవితకాలం వంటింట్లో పరీక్షించి చూశాడు.

ఇక పద్ధతి. పని మొదలుపెట్టే ముందు దేవునితో రెండు ముక్కలు మాట్లాడేవాడు: నువ్వు నాతో ఉన్నావు, ఈ పని నువ్వు చెప్పిందే, దీన్ని చక్కగా చేయడానికి సాయం చెయ్యి అన్న అర్థంలో. తన సొంత మాటల్లోనే. పని మధ్యలో అప్పుడప్పుడు లోపల ఒక చూపు, లేదా ప్రేమతో ఒక పొట్టి మాట. పని అయ్యాక ఎలా చేశానని వెనక్కి చూసుకోవడం. బాగా చేసుంటే కృతజ్ఞత. చెడగొట్టుంటే క్షమాపణ. మళ్లీ తర్వాతి పని.

పెనం మీద ఆమ్లెట్‌ని దేవుని మీద ప్రేమతో తిప్పేవాణ్ణని చెప్పాడు. అది అయిపోయి చేతిలో వేరే పనేదీ లేకపోతే అక్కడే నేల మీద సాగిలపడి ఆమ్లెట్ చేసే కృప ఇచ్చినందుకు దేవుణ్ణి ఆరాధించి, లేచేసరికి రాజుకన్నా తృప్తిగా ఉండేవాణ్ణన్నాడు. నేల మీది గడ్డిపరకను వంగి తీయడం కూడా దేవుని మీద ప్రేమతో చేస్తే చాలన్నాడు. ఇవి వినడానికి అందంగా ఉంటాయి కాబట్టి అందరూ ఇవే ఎత్తి రాసుకుంటారు. నా దృష్టిలో అసలు సరుకు ఇంకోచోట ఉంది.

మనసు జారిపోయినప్పుడు ఆయన ఏం చేసేవాడన్నది చూడండి. పొద్దున్నుంచీ పొయ్యి సెగ, గురువుల తొందర, దినుసుల లెక్క. గంటసేపు దేవుడు గుర్తే రాలేదు. భక్తుడు మామూలుగా ఇక్కడ ఏం చేస్తాడు? తనను తాను తిట్టుకుంటాడు. ఎంత భ్రష్టుణ్ణి, నాకెందుకీ సాధన అంటాడు. ఆ తిట్టుకోవడంలో ఇంకో అరగంట పోతుంది. ఆ అరగంట దేవుని గురించి కాదు, మొత్తం తన గురించే. లారెన్స్ ఈ మలుపు దగ్గర ఆగేవాడు కాదు. నన్ను నాకే వదిలేస్తే నేనెప్పుడూ ఇలాగే చేస్తాను, నువ్వే ఆపాలి, నువ్వే బాగుచేయాలి అని దేవునికి ఒప్పుకుని, ఆ తప్పు గురించి ఇక బెంగపెట్టుకోకుండా పనిలోకి తిరిగి వచ్చేవాడు. గుమ్మం దాటి పాకిపోయిన బిడ్డను తల్లి కోప్పడకుండా ఎత్తుకొచ్చి మళ్లీ లోపల కూర్చోబెట్టినట్టు, మనసును తీసుకురావడమే పని. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు.

తగ్గింపు ఉన్నది ఇక్కడే. తల వంచుకుని నడవడం, నేను పనికిమాలినవాణ్ణి అని నలుగురి ముందు అనడం తేలిక. అందులో కొంచెం గర్వం కూడా దాక్కుంటుంది. తన తప్పు చూసుకుని ఆశ్చర్యపోకపోవడం కష్టం. నేనా ఇలా చేసింది అని కుమిలిపోయేవాడు లోలోపల తనకు చాలా పెద్ద మార్కులే వేసుకుని ఉన్నాడన్నమాట. లారెన్స్ తనకు మార్కులు వేసుకోవడం మానేశాడు. లోకంలోని ఘోరాలు విన్నా ఆయన విస్తుపోయేవాడు కాదట. మనుషులు చేయగలిగిన చెడుతో పోలిస్తే ఇంకా ఎక్కువ జరగకపోవడమే ఆశ్చర్యమనేవాడు. ఆ మనుషుల కోసం ప్రార్థించేవాడు, దేవుడు చక్కదిద్దగలడని నమ్మి ఊరుకునేవాడు.

వంటపని ఇందుకు ఎందుకు పనికొచ్చిందంటే దానికి ప్రేక్షకులు లేరు. బాగా వండితే తినేసి వెళ్తారు, మాడితేనే మాట వస్తుంది. ఈ పనిలో పేరు రాదు. పేరు రాదని తెలిశాక మనసు దేవుణ్ణి తప్ప ఇంకెవరినీ మెప్పించే ప్రయత్నం చేయదు. చేసినా లాభం లేదని నేర్చుకుంటుంది. వేదిక మీద ప్రార్థించేవాడికి ఈ సౌకర్యం లేదు పాపం. అతని ప్రార్థన వింటున్నవాళ్లు ఎదురుగా కుర్చీల్లో కూర్చుని ఉంటారు.

పని తెలియకపోవడాన్ని కూడా ఆయన ఇలాగే వాడుకున్నాడు. మఠానికి ద్రాక్షసారా కొనుక్కురమ్మని బర్గండీ పంపారు. ఆయనకు బేరాలు రావు, పైగా కుంటికాలు. పడవలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడవలేక పీపాల మీద దొర్లుకుంటూ వెళ్లేవాడు. ఇది నీ పనే అని దేవునితో చెప్పి దిగితే అంతా చక్కగా జరిగిందని తర్వాత చెప్పాడు. అంతకుముందు ఏడాది ఒవెర్న్‌కు వెళ్లినప్పుడూ అంతే; ఎలా జరిగిందో తనకే తెలియదన్నాడు.

పద్ధతిలో ఇంకో భాగం ఉంది, దాన్ని మనం తొందరపడి దాటేస్తాం. పనివేళ, ప్రార్థనవేళ తనకు ఒకటేనని లారెన్స్ అన్న మాట చాలామందికి ఇష్టం. అంటే ప్రత్యేకంగా కూర్చోనక్కర్లేదన్నమాట అని సంతోషిస్తారు. కానీ ఆ మాట అన్నది సాధన పండిన మనిషి. మఠంలో చేరిన కొత్తలో ఆయన ప్రార్థనకు కేటాయించిన గంటలన్నీ దేవుణ్ణి తలచుకోవడంలోనే గడిపాడు. దేవుడు ఉన్నాడన్న నిశ్చయాన్ని ఆ గంటల్లో గుండెలో దింపుకుని, దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్లేవాడు. పునాది వేసిన ఆ గంటలు లేకుండా వంటిల్లు ఒక్కటే చాలదు. థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలో ఎడతెగక ప్రార్థించమన్న పౌలు కూడా గంటలు లెక్కపెట్టి ప్రార్థించే యూదు ఇంట్లో పెరిగినవాడే.

మఠంలో మొదటి పదేళ్లూ ఎండాకాలమే. తన పాపాలు కళ్లముందు నిలిచేవి. దేవుని సన్నిధిలో ఉన్నాననుకోవడం తన పొగరేమో, రక్షణ తనకు లేదేమో అన్న భయం పీడించేది. పుస్తకాల్లోని ధ్యాన పద్ధతులు, ఒక అంశం తర్వాత ఒక అంశం తలపోయడం ఆయనకు కుదరలేదు, కంగారే మిగిలింది. చివరికి ఈ బాధలోనే నా రోజులు వెళ్లిపోనీ అని ఒప్పేసుకున్నాడు. అలా ఒప్పుకున్నాకే ఒక్కసారిగా లోపల మార్పు వచ్చి నెమ్మది దొరికిందని ఒక ఉత్తరంలో రాశాడు. వారం రోజుల ఉపవాస కూటంలో అన్నీ తేలిపోవాలని చూసే మనకు ఈ పదేళ్ల లెక్క రుచించదు. నాకూ రుచించదు. కానీ ఆయన జీవితంలోంచి ఈ పదేళ్లు తీసేసి మిగిలినదాన్ని బోధించడం కల్తీ.

ఈ సంప్రదాయంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని చెప్పకుండా దాటడం సరికాదు. వంటింట్లోనూ దేవుడున్నాడు అన్న మాటను వంటింట్లో ఉన్నవాడు చెప్పుకోవడం వేరు, హాల్లో కూర్చున్నవాడు చెప్పడం వేరు. క్రిస్మస్ ప్రేమ విందు రోజున చర్చి వెనక డేగిసాల దగ్గర ఉల్లిపాయలు తరిగే అక్కలు ఏటా వాళ్లే. ప్రసంగం వాళ్లకు స్పీకర్లో సగం సగం వినిపిస్తుంది, ప్రభువు బల్లకు చేతులు కడుక్కుని చివర్లో వస్తారు. మీది మార్త పరిచర్య అమ్మా అని ముందు వరుస నుంచి మెచ్చుకుంటే సరిపోదు. లూకా సువార్తలో యేసు మార్తను వంటింట్లోనే ఉండిపొమ్మని పంపలేదు. ఆయన పాదాల దగ్గర కూర్చున్న మరియ చోటును ఎవరూ తీసేయకూడదన్నాడు. లారెన్స్ తన చోటుకు తానే ఒప్పుకుని వచ్చాడు, మఠం ఆయనకు మౌన ప్రార్థన గంటలు ఇచ్చింది, పెద్ద గురువులు ఆయన గదికొచ్చి నేర్చుకున్నారు. ఆ మూడూ లేకుండా గరిటె మాత్రం ఇచ్చి తగ్గింపు నేర్పుతామంటే అది సాధన కాదు, చాకిరీ.

గురువులు రావడం నిజం. 1666 ఆగస్టు 3న జోసెఫ్ ద బోఫోర్ అనే ఫాదర్ ఆయన్ని మొదటిసారి కలిశాడు. ఆ సంభాషణలు నాలుగింటిని రాసిపెట్టాడు. లారెన్స్ తనంతట తాను పుస్తకం రాయలేదు. అడిగినవాళ్లకు ఉత్తరాలు రాసేవాడు, అవి ఎవరికీ చూపించవద్దని బతిమాలేవాడు. ఒక సైనికుడి గురించి రాస్తూ, కత్తి చేతబట్టి కవాతులో ఉన్నప్పుడు కూడా క్షణకాలం హృదయం పైకెత్తితే చాలని, అది ఎంత పొట్టిదైనా దేవుడు స్వీకరిస్తాడని చెప్పాడు. ఇంకొకావిడ గురించి, ఆమెకు మనసు మంచిదే గానీ కృప కన్నా ముందు పరుగెత్తాలని చూస్తోందని, ఒక్కసారిగా పరిశుద్ధులం కాలేమని రాశాడు. ప్రార్థనలో ఎక్కువ మాటలు వద్దన్నాడు. మాటలు పెరిగేకొద్దీ మనసు తిరగడమూ పెరుగుతుందని ఆయన అనుభవం.

1691 ఫిబ్రవరి 12న ఆయన పోయాడు. ఆ తర్వాతే బోఫోర్ 1692లో, 1694లో ఆ ఉత్తరాలను, సంభాషణలను అచ్చువేశాడు. సమయం బాగాలేదు. ఏ ప్రయత్నమూ లేకుండా దేవునిలో ఊరికే ఉండిపోతే చాలన్న బోధ మీద రోమ్ విరుచుకుపడుతున్న రోజులవి. 1687లో స్పెయిన్ గురువు మొలీనోస్‌ని, 1699లో ఫ్రెంచి ఆర్చిబిషప్ ఫెనెలోన్ పుస్తకంలోని మాటలు కొన్నింటిని ఖండించింది. ఫెనెలోన్ లారెన్స్‌ను జబ్బుగా ఉన్నప్పుడు చూసి, ఆ ఉల్లాసానికి ముగ్ధుడైనవాడు. ఆ స్నేహమే లారెన్స్‌కు చేటయింది. ఆయన బోధలో సోమరితనం పిసరంత లేకపోయినా ఫ్రాన్సులో ఆయన పేరు మసకబారింది. కాపాడింది ప్రొటెస్టెంట్లు. పియెర్ ప్వారే అనే ఫ్రెంచి పాస్టరు పుస్తకాన్ని మళ్లీ వేశాడు. జాన్ వెస్లీ తన క్రైస్తవ గ్రంథమాలలో చేర్చి మెథడిస్టుల చేతికిచ్చాడు. కాథలిక్ సన్యాసి ఇవాళ ప్రొటెస్టెంట్ ఇళ్లలో అల్మారాల్లోకి ఎలా వచ్చాడన్నదానికి జవాబు ఇది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు రోజంతా పట్టుకోవాలని చూస్తే రెండో రోజే మానేస్తారు. రోజూ తప్పించుకోవాలని చూసే పని ఒకటి ఎంచుకోండి. గిన్నెలు కావచ్చు, మంచంపట్టిన పెద్దాయన పక్కబట్టలు మార్చడం కావచ్చు, ఆఫీసులో ఎవరూ ముట్టని రిజిస్టరు కావచ్చు. ముందు రెండు ముక్కలు, మధ్యలో ఒక చూపు, తర్వాత ఒక లెక్క. పాట పెట్టుకోవద్దు, ప్రసంగం వినవద్దు. అవి చెడ్డవని కాదు. దేవునితో మాట్లాడడానికి ఖాళీ ఉండదు. హాయి అనిపించకపోతే కంగారుపడొద్దు. లారెన్స్‌కు పదిహేనేళ్లలో ఆ పని తేలికైంది గానీ ఆయన వెతికింది తేలికదనాన్ని కాదు.

ఇదే సాధనను 20వ శతాబ్దంలో ఇంకో దారిలో నడిపిన మనిషి ఫ్రాంక్ లాబాక్ అనే అమెరికన్ మిషనరీ. 1930లో ఫిలిప్పీన్స్‌లోని లనావో సరస్సు ఒడ్డున, మరనావ్ ముస్లింల మధ్య, ఒంటరిగా ఉంటూ, నిమిషానికొకసారైనా దేవుణ్ణి తలచుకోగలనా అని పరీక్ష పెట్టుకున్నాడు. బాగా జరిగిన రోజులనూ, పూర్తిగా ఓడిపోయిన రోజులనూ తండ్రికి ఉత్తరాల్లో రాశాడు. ఆ ఊరివాళ్లకన్నా తాను గొప్పవాణ్ణన్న భావం తనలో ఉందని ఒక సాయంత్రం ఊరి వెనక కొండ మీద ప్రార్థనలో ఆయనకు తెలిసింది. దిగివచ్చి వాళ్ల మతగురువుల దగ్గర ఖురాన్ చదువుకున్నాడు. లారెన్స్‌ను పని ప్రార్థనలోకి నడిపితే, లాబాక్‌ను ప్రార్థన పనిలోకి తోసింది: వాళ్ల భాషకు అక్షరాల పటాలు తయారుచేసి పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. ఆర్థికమాంద్యంలో డబ్బు ఆగిపోయి ఉపాధ్యాయులకు జీతాలివ్వలేని పరిస్థితి వచ్చినప్పుడు ఒక మరనావ్ నాయకుడు, నేర్చుకున్న ప్రతివాడూ ఇంకొకడికి నేర్పి తీరాలని పట్టుబట్టాడు. ఒక్కొక్కరు ఒక్కొక్కరికి నేర్పాలన్న ఆ పద్ధతి అక్కణ్ణుంచి ఎన్నో దేశాలకు పాకింది. మన దేశపు వయోజన విద్యా ఉద్యమాల్లో కూడా ఆ నినాదం మోగింది. గోడల మీద దాన్ని రాసినవాళ్లలో ఎంతమందికి దాని వెనకున్న ఆ కొండ, ఆ సాయంత్రం తెలుసో చెప్పలేం.